సుదామ్ శిర్సాట్, హాజరు

కుర్చీకి ఎర్ర గుడ్డ తొడిగి వెనక తెల్ల రిబ్బనుతో ముడి వేశారు. వీపు ఆనిస్తే ఆ ముడి గుచ్చుకుంటోంది, ఆనించకపోతే నడుం లాగుతోంది. ఇరవై రెండేళ్లు వంగి రోడ్లు ఊడ్చిన నడుం, దీనికి కుర్చీ ఏం అలవాటు. పది గంటలకి రమ్మన్నారు, పదకొండు కావస్తోంది, ఆబాసాహెబ్ ఇంకా మైకు వదలడం లేదు. అక్టోబరు ఎండ. వేదిక మీద మాకు షామియానా ఉంది, కింద మావాళ్లకి లేదు. నలభై మందికీ నారింజ రంగు కోట్లు తొడిగించి స్కూలు మైదానంలో వరసగా కూర్చోబెట్టారు, ఫొటోలో ఆ రంగు బాగా పడుతుందట. మూడో వరసలో రఖ్మా తలమీద చెంగు కప్పుకుని నన్నే చూస్తోంది, నేను చూడగానే తల తిప్పుకుంటోంది. కోపం. ఉండదూ మరి. నిన్న సాయంత్రం గుమ్మంలోనే నిలబడి, లోపలికి కూడా రాకుండా అడిగింది, "అయితే ఆయనగారి చేతి చీర తీసుకుంటావన్నమాట." "తీసుకుంటాను," అన్నాను. "తీసుకో తీసుకో, కట్టుకుంటే మహారాణిలా ఉంటావు," అని విసురుగా వెళ్లిపోయింది. నేను వెనక్కి పిలవలేదు. పిలిచి ఏం చెప్పను? ఈ రోజు నేనేం చేస్తానో నిన్న నాకే తెలియదు, ఇప్పుడీ కుర్చీలో కూర్చున్నాక కూడా తెలియడం లేదు. కూతురు కుట్టించిన జాకెట్టు చంకల్లో బిగుతుగా ఉంది.

"మన వార్డుకొచ్చిన ఈ శుభ్రత అవార్డు నాది కాదు!" అంటున్నాడు ఆబాసాహెబ్. "చీపురు పట్టిన నా అక్కచెల్లెళ్లది!" అందరికంటే ముందు పాండూ ముకాదమ్ చప్పట్లు కొడతాడు, అతను కొట్టాక మేమంతా కొట్టాలి, అది కూడా డ్యూటీలో భాగమే. పాండూ మా మీద మేస్త్రీ. తెల్లారి అయిదున్నరకి హాజరు వేసేది అతనే, ఏ వీధి ఎవరికో చెప్పేది అతనే, చీపురు అరిగితే కొత్తది ఇచ్చేది, ఇవ్వనిది అతనే. అతణ్ణి పెట్టింది బాళూ శేఠ్. బాళూని ఎవరు పెట్టారని ఈ ఊళ్లో ఎవరూ అడగరు, ఆబాసాహెబ్ భార్యకి సొంత తమ్ముడు అతను. పదిహేనేళ్లుగా మా వార్డు నగరసేవకుడు, అంటే కౌన్సిలర్, ఆబాసాహెబే, మధ్యలో ఆ సీటు ఆడవాళ్లకి వెళ్లిన అయిదేళ్లూ ఆయన భార్య పేరు మీద ఆయనే. ఊడ్చే కాంట్రాక్టు బాళూది, చెత్త బళ్లు బాళూవి, వీధి దీపాల్లో బల్బులు బాళూవి, స్కూల్లో పిల్లలకి వండే కిచిడీ బాళూది. ఈ షామియానా బాళూదే, నేను కూర్చున్న ఈ కుర్చీ కూడా. ఆ మైకు మాత్రం కాదు, మైకు బాళూ బావమరిదిది. నాకు నవ్వొస్తోంది. వేదిక మీద నవ్వకూడదేమో. పక్క కుర్చీలో లీలా చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది, దాని పక్కన సగుణ నిద్రపోకుండా ఉండటానికి తన చేతిని తానే గిల్లుకుంటోంది. మేం ముగ్గురం ఈ ఏటి ఉత్తమ కార్మికులం. కార్డు కూడా అచ్చువేశారు.

ఆ కార్డు. నా కూతురు సుజాతా చదివి వినిపించింది నాకు, పొయ్యి దగ్గర భాకరి తడుతుంటే. లీలా పేరు, సగుణ పేరు చదివి, నా పేరు దగ్గర ఆగిపోయింది. "ఏమైందే?" అన్నాను. "సౌభాగ్యవతి హౌసాబాయి సుదామ్ శిర్సాట్," అంది. ముందు నవ్వింది. పకపకా నవ్వింది, కార్డు నేలమీద పడేసి మరీ నవ్వింది, ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో నేను కనిపెట్టలేదు. పెనం మీద భాకరి మాడింది. మర్నాడు పొద్దున్న నేను ఊడ్చొచ్చాక ఇద్దరం ఆ మాడిందే తిన్నాం, వేరే పిండి లేక కాదు, లేచి మళ్లీ కలపడానికి ఇద్దరికీ ఒంట్లో ఓపిక లేక. సౌభాగ్యవతి. ఏడు నెలలైంది మా ఆయన సుదామ్ పోయి.

హోళీ వెళ్లిన నాలుగో రోజు. ఛాతీలో దగ్గు రెండు వారాల నుంచే ఉంది, గోడకి ఆనుకుని కూర్చుని నిద్రపోయేవాడు, పడుకుంటే ఊపిరాడక. ఆ రోజు పొద్దున్న లేచి చొక్కా వేసుకోబోయాడు. "ఎక్కడికి?" అన్నాను. "హాజరు పోతుంది," అన్నాడు. పెళ్లైన కొత్తలోనూ అంతే, వాన కురిసినా, అతని అమ్మ పోయిన మర్నాడూ అంతే, గుండీలు దారిలో పెట్టుకుంటూ హాజరు వేసే చౌకీకి పరుగెత్తేవాడు. హాజరు పోతే కూలి పోతుందని కాదు అతని బాధ, పేరు పిలిచినప్పుడు పలకకపోతే పరువు పోతుందని. "శిర్సాట్!" అనగానే "ఉన్నా సాహెబ్!" అని పక్క వీధికి వినిపించేలా అరిచేవాడు, ఆడవాళ్లంతా నవ్వేవాళ్లు. ఆ రోజు చొక్కా ఒక చేతికి ఎక్కించాడు, రెండో చేతికి ఎక్కించలేకపోయాడు. టీ తాగించాను, సగం తాగాడు. "కొంచెం అల్లం ఎక్కువైంది," అన్నాడు. అదే ఆఖరి మాట. ఎవరైనా అలాంటి మాట అని పోతారా? ఏదో ఒకటి చెప్పి పోవచ్చు కదా, కూతుర్ని చదివించమనో, ఏడవొద్దనో. అల్లం ఎక్కువైందట. ఇప్పటికీ టీలో అల్లం వేసేటప్పుడు చెయ్యి ఆగుతుంది, తర్వాత ఇంకాస్త ఎక్కువే వేస్తాను. కాదనడానికి ఎవరున్నారు.

చప్పట్లు. దేనికో తెలియదు, నేనూ కొట్టాను. మున్సిపాలిటీ ముఖ్యాధికారి సాహెబ్ ఫోను చూసుకుంటూనే ఒక చేత్తో తొడ మీద కొట్టాడు. కొత్తగా వచ్చాడు, రెండు నెలలైంది, వేరే జిల్లా మనిషి. అతని మెళ్లో వేసిన బంతిపూల దండ మీద చీమలు పాకుతున్నాయి, దులుపుకుంటున్నాడు. ఈయన మంచివాడా? మొహం చూస్తే తెలియదు. ఆబాసాహెబ్ మొహం చూస్తే మాత్రం ఎవరైనా మంచివాడనే అంటారు. బట్టతల, బొజ్జ, ఎదురైతే సొంత పిన్నిని పలకరించినట్టు "ఏం మావశీ, కాళ్ల నొప్పులు తగ్గాయా?" అని అడుగుతాడు. అడిగినప్పుడు నిజంగానే అడుగుతాడు, అదే వచ్చిన చిక్కు. సుదామ్‌ని తీసుకెళ్లిన రోజు శ్మశానానికి కూడా వచ్చాడు, తెల్ల బట్టల్లో, చివరిదాకా నిలబడ్డాడు. మరి హాజరు పుస్తకం సంగతి ఆయనకి తెలియదా?

పుస్తకం జూలైలో చూశాను. పెద్ద వాన, చౌకీ కప్పు కారుతోంది, పాండూ టీకి వెళ్లాడు. బల్ల మీద హాజరు పుస్తకం తెరిచి ఉంది, దాని మీద చుక్కలు పడుతున్నాయని పక్కకి జరపడానికి వెళ్లాను. నాకు చదువు రాదు. కానీ ఒక్క మాట మాత్రం నాకు ఏ చోటైనా తెలుస్తుంది, ఎందుకంటే పద్దెనిమిదో ఏట జాతరలో పచ్చబొట్లు పొడిచే ముసలమ్మ నా ఎడమ చేతి మీద ఆ మాటే పొడిచింది. మా ఆయన పేరు, మూడు అక్షరాలు, పైన ఒక గీత. ఇరవై ఏళ్లుగా గిన్నెలు తోముతూ, స్నానం చేస్తూ, ఊడుస్తూ చూస్తున్న అక్షరాలు అవి. పేజీలో కనిపించాయి. ఒక్క క్షణం, సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషం వేసింది. ఎక్కడో ఉన్నాడు, వేరే వీధి ఊడుస్తున్నాడు, పొద్దున్నే వచ్చి పలికి వెళ్తున్నాడు, నేనే చూడలేదు అనిపించింది. చెయ్యి పక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చుకున్నాను. అవే. ఆ పేరుకి ఎదురుగా గళ్లన్నిటిలో పాండూ రోజూ వేసే హాజరు గుర్తు. నా వరస ఏదో సుజాతా ఎప్పుడో నేర్పింది, అందులో నాకు జ్వరం వచ్చిన రెండు రోజులకీ రెండు సున్నాలున్నాయి. సుదామ్ వరసలో ఒక్క సున్నా లేదు. పోయాక కూడా ఒక్క రోజు నాగా పెట్టలేదు మనిషి.

పాండూ వచ్చాడు. నేను వేలు ఆ పేరు మీదే పెట్టి నిలబడ్డాను. కంగారు పడతాడనుకున్నాను. పడలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, "తడిచిపోతుంది, మూసెయ్యి," అన్నాడు. "ఇది ఎవరి పేరు పాండూ?" అంటే, "నీకు చదువెప్పుడొచ్చింది హౌసక్కా, రాత్రి బడికి వెళ్తున్నావా?" అని నవ్వాడు. ఆ తర్వాత తిరగని గుమ్మం లేదు. సుజాతాకి నర్సింగులో సీటు వచ్చింది, ఫీజు మాఫీ కావాలంటే తండ్రి ఆదాయం కాగితం కావాలన్నారు, తండ్రి లేడు బాబూ అంటే చావు కాగితం తెమ్మన్నారు. జనన మరణాల గదిలో గుమాస్తా కంప్యూటర్ చూసి, "మీ ఆయన నెల నెలా కూలి తీసుకుంటున్నాడమ్మా, బతికున్న మనిషికి చావు కాగితం నేనెలా ఇవ్వను, నా ఉద్యోగం పోదూ?" అన్నాడు. శ్మశానం వాళ్లిచ్చిన రసీదు చూపిస్తే, పై వాళ్లకి చూపించాలని తీసుకున్నాడు. మర్నాడు వెళ్తే ఏ రసీదు అన్నాడు. ఫీజు దరఖాస్తు వెనక్కి వచ్చింది, తండ్రి సంతకం లేదని. పాండూకి చెబితే ఏమన్నాడో తెలుసా? "రోజూ వస్తున్నాడుగా, అడిగి పెట్టించుకో." అందరి ముందూ అన్నాడు. ఆ మాట వెనక పుస్తకం ఉందని తెలియక కొందరు నవ్వారు కూడా. రఖ్మా నవ్వలేదు. చీపురు కట్టని నేలకి కొట్టి బిగించుకుంటూ, "నవ్వండి, మీ ఇంట్లో ఎవరూ పోరుగా," అంది.

చివరికి ఆబాసాహెబ్ ఇంటికే వెళ్లాను. ఆయన లేడు. ఆయన భార్య, ఊరంతా వహినీ, అదే వదినా, అని పిలుస్తుంది, వరండాలో కూర్చోబెట్టింది, టీ ఇచ్చింది. అంతా విన్నది. నా బోసి నుదురు చూసి, తన కొంగుతో కళ్లు ఒత్తుకుంది కూడా. "ఎంత చిన్న వయసులో వెళ్లిపోయాడు హౌసా," అంది. "బాళూకి నేను చెబుతాలే." నెల తర్వాత ఆబాసాహెబే కబురు పెట్టాడు. "ఎలక్షన్ దాకా ఓపిక పట్టు మావశీ," అన్నాడు. "ఇప్పుడు పేరు తీస్తే, ఇన్నాళ్లూ ఎందుకు ఉంచారంటారు, ఎందరి కూడు పోతుందో ఆలోచించు. నీ కూతురి ఫీజు నేను చూసుకుంటా, నా మేనకోడలు లాంటిది. నీకు సన్మానం చేయిస్తా, అందరిలో గౌరవం ఉంటుంది." గట్టిగా కూడా అనలేదు, భుజం మీద చెయ్యి వేసి అన్నాడు. నేను తల ఊపాను. ఊపాను, అబద్ధమెందుకు. ఫీజు కట్టేశారు, సుజాతా కాలేజీకి వెళ్తోంది, అది నాతో సరిగా మాట్లాడటం మానేసింది. "నాన్నని అమ్మేశావు," అని మాత్రం అనలేదు. అంటే బాగుండేది, ఒక దెబ్బ వేసి ఊరుకునేదాన్ని.

ఇప్పుడు పేర్లు పిలుస్తున్నారు. బాళూ బావమరిది మైకు తీసుకుని మా ముందుకి వచ్చాడు. అసలు ఎంత చిన్న విషయం ఇది, అంటుంది నాలో ఒక గొంతు, పుస్తకంలో ఒక గీత, ఎవడో ఒకడు నాలుగు రాళ్లు తింటున్నాడు, తిననీ, ఊళ్లో ఎవడు తినడం లేదు. చీర తీసుకో, దణ్ణం పెట్టు, ఇంటికి పో, ఆ పిల్ల మూడేళ్లు చదివితే చాలు. ఇంకో గొంతు ఏమీ అనడం లేదు, ఊరికే దగ్గుతోంది, గోడకి ఆనుకుని. అతని చావు అబద్ధమైతే నేను ఏడ్చిందంతా ఏమిటి? పదమూడు రోజులు నేను ఎవరి కోసం కూర్చున్నాను? సగుణకి చీర ఇచ్చారు, కొబ్బరికాయ ఇచ్చారు, వహినీ పళ్లెంతో వచ్చి పసుపు కుంకుమ పెట్టింది. మైకు దాని నోటి దగ్గర పెట్టారు. "ఆబాసాహెబ్‌కి ధన్యవాదాలు," అంది సగుణ, నేర్పినట్టే. లీలా లేచింది. చీర, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, ధన్యవాదాలు. నేను లేచాను. మోకాళ్లు కటుక్కుమన్నాయి. ఆబాసాహెబ్ చీర నా చేతుల్లో పెట్టాడు, ఆకుపచ్చ చీర, జరీ అంచు, ఫొటో కోసం ఇద్దరం దాన్ని చెరో వైపు పట్టుకుని ఆగాం. వహినీ ముందుకొచ్చింది. పసుపు మాత్రమే పెట్టడానికి కాబోలు వేలు ముంచబోయి, అలవాటు కొద్దీ కుంకుమలో ముంచింది. చెయ్యి పైకి లేచింది. నా నుదుటికి బెత్తెడు దూరంలో ఆగింది.

ఆగిపోయింది. ఆమె వేలి మీద ఎరుపు నాకు కనిపిస్తోంది. ఆమె కళ్లలో భయం కూడా, పాపం, దేవుడికి భయపడే మనిషి, వితంతువు నుదుట కుంకుమ పెట్టలేదు. ఆ చెయ్యి ఆగడం నలభై మంది చూశారు. నా లోపల ఏదో తేలికైపోయింది, నెలల తరబడి తలమీద ఉన్న గంప ఎవరో దింపినట్టు.

"పెట్టండి వహినీ," అన్నాను.

మైకు నా నోటి దగ్గరే ఉంది. మైదానమంతా వినిపించింది, నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"అదేంటి హౌసా," అని గుసగుసలాడింది ఆమె. "ఇప్పుడెందుకమ్మా, కొబ్బరికాయ తీసుకో చాలు."

"ఎందుకు పెట్టరు? కార్డులో నన్ను సౌభాగ్యవతి అని వేశారు. మీ తమ్ముడి పుస్తకంలో మా ఆయన బతికే ఉన్నాడు. రోజూ పనికొస్తున్నాడు, రోజూ కూలి తీసుకుంటున్నాడు. మరి మీ చెయ్యెందుకు ఆగింది?"

వహినీ చెయ్యి దించేసింది. పళ్లెం ఒరిగి కుంకుమ ఆమె చీర మీద ఒలికింది. ఆబాసాహెబ్ నవ్వాడు, ఎంత అలవాటైన నవ్వో, "ఎండ, ఎండ! మావశీకి నీళ్లివ్వండిరా!" అంటూ మైకు లాక్కోబోయాడు. నేను వదల్లేదు. వెదురు కర్ర పట్టిన చేతులు నావి, ఆయనవి గుజ్జులా ఉన్నాయి. ఎవరో తీగ పీకేశారు, మైకు మూగబోయింది. ఇరవై రెండేళ్లు నాలుగో అంతస్తు దాకా వినిపించేలా చెత్త తెమ్మని అరిచిన గొంతు ఇది, దీనికి మైకెందుకు. "సుదామ్ శిర్సాట్ పోయాడు!" అని అరిచాను. "నేనే స్నానం చేయించాను! నా కళ్ల ముందే కాల్చారు! ఆబా, మీరూ వచ్చారు, చివరిదాకా నిలబడ్డారు, చెప్పండి, రాలేదా?" ఆయన మొహంలో మొదటిసారి మంచివాడు కనిపించలేదు, తప్పించుకునే దారి వెతుక్కుంటున్న మనిషి కనిపించాడు.

రేపు నా పేరు తీసేస్తారు. ఫీజు ఆగిపోతుంది. తీసేయనీ, ముందు సుదామ్ పేరు తీయాలి కదా.

అప్పుడు రఖ్మా లేచింది. చెంగు జారిపోయింది, సర్దుకోలేదు. "మా మామ గంగారామ్ కూడా ఉన్నాడు ఆ పుస్తకంలో!" అంది. "పోయి మూడేళ్లు! నోరు మూసుకుంటే ఇంటికి నల్లా ఇస్తామన్నారు, మూసుకున్నాను!" నాకేసి చూసి, అంత ఎండలోనూ ఏడుస్తూ, "నాకేం తెలుసే నీకూ అదే అని," అంది. నుదుట తడి కుంకుమతో నా పక్కనే ఉన్న లీలా, తలదించుకుని, "మా చెల్లెలు సూరత్‌లో కాపురం చేసుకుంటోంది. ఇక్కడ దాని హాజరు పడుతూనే ఉంది," అంది. కింద ఇంకెవరో, వెనక ఇంకెవరో. ప్రతి ఒక్కరినీ విడిగా పిలిచి భుజం మీద చెయ్యి వేశారు, ప్రతి ఒక్కరమూ ఈ తప్పు మా ఒక్క ఇంట్లోదే అనుకుని తల ఊపాం. ఇన్నేళ్లు పక్కపక్కనే ఊడుస్తూ ఒకరికొకరం చెప్పుకోలేదు.

పాండూ మైదానం గోడ పక్కనున్న చౌకీ వైపు నడవడం చూశాను, పరుగెత్తకుండా, పరుగెత్తినట్టే. రఖ్మా ఇంకా ముందు చూసింది. అది, ఇంకో ఇద్దరు నారింజ కోట్లతో పరుగెత్తి, పుస్తకం చంకన పెట్టుకుని బయటికొస్తున్న అతనికి తలుపు దగ్గర అడ్డం నిలబడ్డారు. "తప్పుకోండి, రేపట్నుంచి ఒక్కత్తెకీ పనుండదు!" అని అరిచాడు. "రేపటి సంగతి రేపు," అంది రఖ్మా, "ఇవాళ పుస్తకం ఇటివ్వు." అతని చంకలోంచి లాక్కుని, దాన్ని రెండు చేతులా ఎత్తుకుని వేదిక మెట్లెక్కింది. బాళూ ఎప్పుడు లేచి వెళ్లిపోయాడో, అతని కుర్చీ ఖాళీగా ఉంది. రఖ్మా నేరుగా ముఖ్యాధికారి దగ్గరికి వెళ్లి పుస్తకం ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన ఆబాసాహెబ్ వైపు చూశాడు. ఆబాసాహెబ్ నేల చూశాడు. ముఖ్యాధికారి కింద మైదానం వైపు చూశాడు, నలభై మందీ నిలబడి ఉన్నారు. ఆయనకి ఇష్టం లేదు, నాకు తెలుస్తూనే ఉంది, తన మానాన తాను వెళ్లిపోతే చాలనుకునే మనిషి. అయినా పేజీ తిప్పాడు. వేలు కిందికి జార్చుకుంటూ వచ్చి ఆపాడు.

"ఇవాళ కూడా హాజరు వేశారు," అన్నాడు, ఎవరితోనూ కాదు, తనలో తాను.

జేబులోంచి పెన్ను తీశాడు. ఆ వరసని ఒక గీతతో కొట్టాడు, పక్కన సంతకం చేశాడు. తర్వాత ఆహ్వానం కార్డు తిరగేసి, తెల్లగా ఉన్న వైపు మోకాలి మీద పెట్టుకుని, తలెత్తి నన్ను చూశాడు.

"పేరు సుదామ్ శిర్సాట్. ఏ రోజు పోయాడమ్మా?"

ఏడు నెలల్లో ఆ ఆఫీసులో ఎవరూ అడగని మాట. నా చేతుల్లో ఇంకా వాళ్ల చీర ఉంది, దాన్ని కుర్చీలో పెట్టేశాను. రఖ్మా వచ్చి నా పక్కన నిలబడింది.

"మార్చి నెల," అన్నాను. "ఇరవై తొమ్మిదో తారీకు. పొద్దున్న అయిదూ పది." ఆయన పెన్ను నా మాట వెంట నడుస్తోంది, వెనకబడిందని ఆగాను. అది అందుకున్నాక ఎలా పోయాడో, ఎక్కడ కాల్చారో మిగతాదంతా చెప్పాను, నెమ్మదిగా, ఒక్క అక్షరం తప్పిపోకుండా.